ప్రపంచాన్ని అడిగే న్యాయం పటాన్‌చెరుకు ఏది?

అంతర్జాతీయ వాతావరణ సదస్సుల్లో భారత ప్రభుత్వం మూడు దశాబ్దాలుగా ఒకే వాదన వినిపిస్తోంది. బొగ్గు, చమురు తగలబెట్టి సంపన్నమైన దేశాలే భూమిని వేడెక్కించాయని, దెబ్బ మాత్రం పేద దేశాల మీద పడుతోందని, చేసినవాళ్లే మూల్యం చెల్లించాలని, నష్టపోయినవాళ్లకు పరిహారం ముట్టజెప్పాలని ఆ వాదన. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. 1850 నుంచి 2019 వరకు ప్రపంచం గాలిలోకి వదిలిన కార్బన్‌లో మన దేశం వాటా నాలుగు శాతం. మన తలసరి ఉద్గారాలు నేటికీ ప్రపంచ సగటులో సగానికి చేరలేదు. 2022లో ఈజిప్టులో జరిగిన సదస్సులో నష్టపరిహార నిధికి అంగీకారం కుదరడం వెనక మనలాంటి దేశాల పట్టుదల ఉంది. 2024లో బాకు సదస్సులో సంపన్న దేశాలు 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామంటే, అది ఏ మూలకూ చాలదని భారత ప్రతినిధి నిండు సభలో నిరసన తెలిపారు. ఆ నిరసన నూటికి నూరు పాళ్లూ సబబే.

అయితే ప్రపంచాన్ని అడిగే ఈ న్యాయాన్ని మన పాలకులు దేశం లోపల పాటిస్తున్నారా? హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద గంట ప్రయాణం చేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ఊళ్లలో కర్మాగారాల లాభం ఒకరిది, కాలుష్యపు నష్టం ఇంకొకరిది. నష్టపోయినవాళ్లు నాలుగు దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ, కలెక్టరేట్ల చుట్టూ, కాలుష్య నియంత్రణ మండలి చుట్టూ తిరుగుతున్నారు. ఇప్పుడు ఆ పాత గాయం మీద ఎండ, వాన, కరువు కొత్త దెబ్బలు వేస్తున్నాయి. దేశానికి వాతావరణ ప్రణాళిక ఉంది, రాష్ట్రానికీ ఉంది. ఆ రెండూ ఈ ఊళ్ల మధ్య పారే నక్కవాగు దాకా రాలేదు. మెగావాట్లు లెక్కపెట్టి మనుషులను వదిలేసిన ప్రణాళిక సగం ప్రణాళికే. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ వరుసగా పాలించిన ప్రభుత్వాలన్నిటిమీదా ఈ అభియోగం మోపక తప్పదు.

అభివృద్ధి చెందుతున్న దేశాల వాదనకు, ఈ నేలకు ఉన్న సంబంధం నిన్నటిది కాదు. 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి తొలి పర్యావరణ సదస్సు జరిగినప్పుడు ఇందిరా గాంధీ పేద దేశాల గొంతుకయ్యారు. ఆకలి, లేమి తీరకుండా పర్యావరణాన్ని కాపాడుకోవడం సాధ్యం కాదని ఆమె అక్కడ గట్టిగా చెప్పారు. అదే ఏడాది పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. ఆ దశకంలోనే వెనుకబడిన ఆనాటి మెదక్ జిల్లాను పైకి తెస్తామంటూ పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామిక వాడలు వేశారు. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. పేదరికాన్ని పోగొట్టే మార్గం పరిశ్రమలేనని ఆనాడు అందరూ నమ్మారు. ఊళ్లూ నమ్మాయి. తమ పిల్లలకు కొలువులు వస్తాయన్న ఆశతోనే రైతులు భూములిచ్చారు.

రాయితీలు చూసుకుని వచ్చిన కంపెనీల్లో బల్క్ డ్రగ్, రసాయనాల యూనిట్లు ఎక్కువ. ఒక కిలో మందు తయారు కావాలంటే ఎన్నో కిలోల ముడి రసాయనాలు, సాల్వెంట్లు, నీళ్లు ఖర్చవుతాయి. మందు డ్రమ్ముల్లోకి ఎక్కి ఎగుమతవుతుంది. మిగిలిందంతా ఇక్కడే ఉంటుంది. అది వాగుల్లోకి, కుంటల్లోకి, అక్కడి నుంచి బోర్లలోకి చేరింది. ఇస్నాపూర్ చెరువు, ఆసానికుంట, గండిగూడెం చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు ఒకదాని వెంట ఒకటి పాడయ్యాయి. నక్కవాగు ఆ నీటిని మోసుకుపోయి మంజీరలో కలిపింది. వాగు నీళ్లతో పొలం పారించుకున్న రైతు ముందు పంట పోగొట్టుకున్నాడు, తర్వాత పశువులను, ఆ తర్వాత ఒంట్లో ఆరోగ్యాన్ని.

పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ ఎ. కిషన్‌రావు లాంటివారు రోగుల ఒళ్లు చూసి ఊరి నీళ్ల సంగతి పసిగట్టారు. ప్రజలను కూడగట్టి పోరాడారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఊళ్లు తిరిగి నష్టం తేల్చమని కోర్టు మెదక్ జిల్లా జడ్జిని ఆదేశించింది. తరి భూమికి ఇంత, కుష్కి భూమికి ఇంత అని పరిహారం లెక్క కట్టారు. కొందరికి ముట్టింది. 2001లో కేసును హైకోర్టుకు పంపారు. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన పిల్లలకు ఇవాళ పిల్లలున్నారు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని 1992లో రియో సదస్సులో భారతదేశం ఒప్పుకొంది. నాలుగేళ్ల తర్వాత సుప్రీంకోర్టు దాన్ని ఈ దేశపు చట్టంలో భాగమని తేల్చింది. సూత్రానికి కొరత లేదు. ఖాజీపల్లి రైతు చేతికి అది ఎంత అందిందన్నదే లెక్క.

1994లో పటాన్‌చెరులో వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సమస్య తీరినట్టేనని అధికారులు చెప్పారు. ఆ కేంద్రం నుంచి శుద్ధి అయ్యి బయటికొచ్చిన నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఒక్క రోజులో బయటికిపోయిన ఆ మందు 45 కిలోలని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మోతాదుతో సమానమని వాళ్లు అంచనా వేశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల చెరువుల్లోనూ ఊరి బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. మందులకు లొంగని క్రిములు పుట్టే చోట్ల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వస్తోంది. 2009లో శుద్ధి కేంద్రం నుంచి పైపులైను వేసి ఆ నీటిని అంబర్‌పేట మీదుగా మూసీకి మళ్లించారు. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, 70 దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా తేలిన 43లో పటాన్‌చెరు–బొల్లారం ఉంది. ఈ ప్రాంతంలో కాలుష్య పరిశ్రమల విస్తరణ మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని 2013లో ఆ ప్రభుత్వమే సడలించింది.

ఈ చరిత్రకు పక్కనే వాతావరణ ప్రణాళికల చరిత్ర నడిచింది. 2008 జూన్ 30న ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికను విడుదల చేశారు. సౌరశక్తి, ఇంధన పొదుపు, నివాస ప్రాంతాలు, నీరు, హిమాలయాలు, అడవులు, వ్యవసాయం, విజ్ఞానం అని అందులో ఎనిమిది మిషన్లు. రాష్ట్రాలూ తమ ప్రణాళికలు రాసుకోవాలని కేంద్రం చెప్పింది. ఉమ్మడి రాష్ట్రానికీ, ఆ తర్వాత తెలంగాణకూ హైదరాబాద్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ఈపీటీఆర్‌ఐ ఆ పత్రాలు తయారు చేసింది. 2015లో పారిస్ ఒప్పందానికి ముందు దేశం లక్ష్యాలు ప్రకటించింది. 2022లో వాటిని పెంచింది. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని ప్రధాని నరేంద్ర మోదీ గ్లాస్గోలో మాటిచ్చారు. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాస్ లేకుండా సాధిస్తామన్న 2030 లక్ష్యం ఐదేళ్ల ముందే, 2025లోనే నెరవేరింది. ఇది చిన్న విజయం కాదు. దేశం గర్వించాల్సిందే.

కానీ ఆ విజయం కరెంటు మీటరు దగ్గరే ఆగిపోయింది. ప్రణాళికకు రెండు చేతులుండాలి. ఒకటి ఉద్గారాలు తగ్గించేది, రెండోది మారిపోయిన వాతావరణం నుంచి మనుషులను కాపాడేది. మొదటి చేతికి లక్ష్యాలున్నాయి, గడువులున్నాయి, నిధులున్నాయి, ప్రపంచం ముందు చెప్పుకోవడానికి అంకెలున్నాయి. రెండో దానికి ఇవేవీ లేవు. పటాన్‌చెరు లాంటి చోట ప్రాణాలు నిలిచేది ఆ రెండో చేతి మీదే.

మొదట వాన సంగతి. ఈ ఊళ్లలో ఎవరిని అడిగినా ఒక మాట చెబుతారు: గట్టి వాన పడ్డ రాత్రే కంపెనీలు ట్యాంకులు వదులుతాయి. తెల్లారేసరికి వాగు రంగు మారి ఉంటుంది, చెరువులో చేపలు తేలి ఉంటాయి. 2017లో గండిగూడెం చెరువులో కుప్పలు తెప్పలుగా చేపలు చచ్చిపోయాయి. చేప పిల్లలను చెరువుల్లో వదిలి మత్స్యకారుల బతుకు బాగు చేస్తామని ఒక శాఖ డబ్బు ఖర్చు పెడుతుంది. ఆ చెరువులోకి ఏం వస్తుందో చూడాల్సిన ఇంకో శాఖ శాంపిల్ తీసుకుని నివేదిక కోసం ఎదురుచూస్తుంది. ఇప్పుడు వాన తీరే మారిపోయింది. వారం పది రోజులు కురవాల్సింది ఒక్క రాత్రిలో కురుస్తోంది. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్, చుట్టుపక్కల ప్రాంతాలు మునిగాయి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాలు వరదలో చిక్కుకున్నాయి. ఇలాంటి వాన పాశమైలారం మీద పడితే అది ఉత్త వరద కాదు. ఆవరణల్లో నిల్వ ఉన్న వ్యర్థ జలాలు, డ్రమ్ముల్లోని సాల్వెంట్లు, దశాబ్దాలుగా కుంటల అడుగున పేరుకున్న బురద అన్నీ కలిసి ఊళ్ల మీదికి వస్తాయి. వదిలింది ఎవరో, వాన తెచ్చింది ఎంతో తేల్చడం ఆ రాత్రి ఎవరి తరమూ కాదు. రెండు గంటల్లో ఇరవై సెంటీమీటర్ల వాన పడితే ఏ కంపెనీ ట్యాంకు పొంగుతుంది, ఆ నీరు ఏ ఊరి బోరుకు చేరుతుంది అన్న మ్యాపు జిల్లా యంత్రాంగం ప్రతి వానాకాలానికి ముందు ప్రజల ముందు పెట్టాలి. వరద ప్రణాళిక వేరు, కాలుష్య ప్రణాళిక వేరు అనుకున్నంత కాలం ఆ మ్యాపు పుట్టదు.

వాన పడకపోతే మరో ముప్పు. మంజీర మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి కర్ణాటక మీదుగా సంగారెడ్డి జిల్లాకు వస్తుంది. 2016 వేసవిలో ఇదే నది మీద ఎగువనున్న డ్యాం ఎండిపోయి లాతూరుకు రైళ్లలో నీళ్లు మోశారు. దాదాపు 30 టీఎంసీలు పట్టే సింగూరు జలాశయం అడుగంటింది. దశాబ్దాలుగా హైదరాబాద్ దాహం తీర్చిన సింగూరు, మంజీర పథకాల నుంచి నగరానికి సరఫరా నిలిచిపోయింది. నగరానికి కృష్ణా ఉంది, గోదావరి ఉంది. వాగు పక్క ఊళ్లకు ఏముంది? కరువు ఏడాదిలో భూగర్భ జలం కిందికి పోతుంది, అందులోని విషం చిక్కబడుతుంది. బోరు ఇంకా లోతుకు వేస్తారు. తాగేందుకు ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెడతారు. ఊరి నీళ్లను కంపెనీలు పాడు చేస్తే, మంచినీళ్లు ప్రభుత్వ ఖర్చుతో దూరం నుంచి తేవాల్సి వచ్చింది. పాడు చేసినవాళ్ల దగ్గర ఆ ఖర్చు ఏ ప్రభుత్వమూ పూర్తిగా వసూలు చేయలేదు.

ఇక ఎండ. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ అది ప్రాణం పోయాక అందే సాయం. ప్రాణం పోకుండా చూసే ఏర్పాటు ఎక్కడుంది? ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కార్మికుడు రియాక్టర్ల పక్కన, డ్రయ్యర్ల పక్కన పన్నెండు గంటల షిఫ్టు చేసి, రేకుల గదిలో పది మందితో కలిసి పడుకుంటాడు. పగలు కంపెనీ వేడి, రాత్రి రేకుల వేడి. ఒంటికి చల్లబడే సమయమే దొరకదు. మధ్యాహ్నం బయట పని ఆపాలని వేసవి కార్యాచరణ ప్రణాళిక ఉపాధి హామీ కూలీలకు చెబుతుంది. షెడ్డు లోపల వేడి ఎంత దాటితే పని ఆపాలో కచ్చితంగా చెప్పి అమలు చేయించే యంత్రాంగం ఈ వాడల్లో కనబడదు. పైగా వేడి పెరిగే కొద్దీ సాల్వెంట్లు త్వరగా ఆవిరవుతాయి, మంటకు దగ్గరవుతాయి. రసాయన కర్మాగారంలో ఎండ ఆరోగ్య సమస్య మాత్రమే కాదు, భద్రతా సమస్య కూడా.

2025 జూన్ 30న, సరిగ్గా జాతీయ ప్రణాళిక వచ్చిన పదిహేడేళ్ల నాడే, పాశమైలారంలో సిగాచీ ఇండస్ట్రీస్ కర్మాగారం పేలింది. యాభై మందికి పైగా బలయ్యారు. ఎనిమిది మంది అవశేషాలు కూడా దొరకలేదు. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్‌లో హత్నూర మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో పేలుడు మరికొందరి ప్రాణాలు తీసింది. వీటికి వాతావరణ మార్పు కారణమని ఇక్కడ అనడం లేదు. చెప్పదలచుకున్నది వేరు. సిగాచీ శిథిలాల దగ్గర బంధువులు ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి తిరిగారు. ఆ పొద్దున షెడ్డులో ఎంతమంది ఉన్నారో, ఎవరెవరు ఉన్నారో తేల్చడానికే యంత్రాంగానికి రోజులు పట్టింది. లోపల పనిచేసేవాళ్ల లెక్కే తెలియని చోట వాళ్లను ఎండ నుంచి, వరద నుంచి ఎవరు కాపాడతారు? ప్రణాళికలో మొదటి పేజీ మనుషుల జాబితా కావాలి. అదే లేదు.

మన శాఖల చూపు ఎంత ముక్కలుగా ఉందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. కోర్టుల ఒత్తిడితో పెద్ద మందుల కంపెనీలు వ్యర్థ జలాలు బయటికి ఒక్క చుక్క కూడా వదలని విధానానికి మారాయి. మంచిదే. ఆ విధానం అంటే మురికి నీటిని మరిగించి ఆవిరి చేయడం. గడ్డకట్టబోయే చల్లటి నీటిని మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైగా, ఆ మరిగిన నీటిని ఆవిరిగా మార్చడానికి పడుతుంది. ఆ వేడి చాలాచోట్ల బొగ్గు బాయిలర్ నుంచే వస్తోంది. అంటే వాగును కాపాడటానికి గాలిలోకి కార్బన్ పంపుతున్నాం. దీనికి మార్గాలు లేకపోలేదు. తయారీ పద్ధతి మార్చి అసలు మురికి నీరే తక్కువ వచ్చేలా చూడొచ్చు. సాల్వెంట్లను తిరిగి వాడొచ్చు. పారిశ్రామిక వాడ మొత్తానికీ కలిపి సౌర వేడి, శుభ్రమైన ఇంధనంతో నడిచే ఉమ్మడి ఆవిరి కేంద్రాలు పెట్టొచ్చు. చిన్న యూనిట్లు ఒంటరిగా ఇవి చేయలేవు, ప్రభుత్వం పూనుకోవాలి. కానీ 2012లో మొదలైన ఇంధన పొదుపు లక్ష్యాల పథకంలోని తొలి ఎనిమిది రంగాల్లో ఔషధ తయారీ లేదు. 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకానికి ముందుగా ఎంచుకున్న తొమ్మిది రంగాల్లోనూ లేదు. దేశంలో తయారయ్యే బల్క్ డ్రగ్స్‌లో మూడో వంతు దాకా హైదరాబాద్ చుట్టూ తయారవుతాయని పాలకులు ప్రతి పెట్టుబడుల సభలో చెప్పుకుంటారు. అంత పెద్ద పరిశ్రమ జాతీయ కార్బన్ లెక్కల్లోకి రాకపోవడం చిన్న లోపం కాదు.

లెక్క చూడకపోవడం ఒక తప్పు, ఉన్న కాపలాను తీసేయడం అంతకంటే పెద్ద తప్పు. 2020 మార్చి 27న, కరోనా లాక్‌డౌన్ మొదలైన మూడో రోజున, కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ ప్రాజెక్టులను ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేని జాబితాలోకి మార్చింది. మందుల కొరత రాకూడదన్న కారణం చెప్పింది. ఆ తర్వాత ఈ మినహాయింపు గడువును పొడిగించింది. కంపెనీ వస్తే తమ చెరువు ఏమవుతుందని గ్రామస్థుడు అడగగలిగే వేదిక అదొక్కటే. జనం ఇళ్లలోంచి బయటికి రాలేని రోజుల్లో దాన్ని లాగేసుకున్నారు. 2023లో జన్ విశ్వాస్ చట్టం వచ్చింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలు శిక్షను తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు. శుద్ధికి అయ్యే ఖర్చు కంటే జరిమానా చౌక అయినప్పుడు ఎవరు శుద్ధి చేస్తారు?

పాత గాయం మానకముందే కొత్త నేల మీద కన్ను పడింది. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా భూమితో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి తలపెట్టారు. 2024లో న్యాల్‌కల్ మండలంలోనే డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల్లో ఫార్మా పరిశ్రమల కోసం దాదాపు రెండు వేల ఎకరాలు సేకరిస్తామన్నారు. రైతులు ఎదురు తిరిగారు. వాళ్లకు పటాన్‌చెరు దూరం కాదు, ఏం జరిగిందో కళ్లారా చూశారు. 2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో హైదరాబాద్ చెత్త డంపింగ్ యార్డుకు వ్యతిరేకంగా నల్లవల్లి, చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. నగరపు మందులకు, నగరపు చెత్తకు, నగరపు నీళ్లకు ఈ ఒక్క సంగారెడ్డి జిల్లానే అడుగుతున్నారు.

ఆ జహీరాబాద్ నేల మీదే వాతావరణానికి తట్టుకునే వ్యవసాయం ఎలా ఉంటుందో పేద మహిళలు చేసి చూపించారు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, చిన్న రైతులు జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది, పప్పులు కలిపి ఒకే చేనులో పండిస్తారు. నీటి పారకం లేదు, రసాయన మందు లేదు. ఒక పంట పోతే ఇంకొకటి నిలబడుతుంది. విత్తనం వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది. ఏటా పాత పంటల జాతర జరిపి బండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతితో వాళ్లను గౌరవించింది. భారత్ చొరవతోనే ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 2022 ఫిబ్రవరి 5న ఇక్రిశాట్ స్వర్ణోత్సవాలకు వచ్చిన ప్రధాని, పటాన్‌చెరులోనే వాతావరణ మార్పు పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు. శాస్త్రం ఇక్కడ ఉంది, అనుభవం ఇక్కడ ఉంది, సమస్యా ఇక్కడే ఉంది. ఇంత దగ్గరగా ఉన్న మూడింటినీ కలపలేకపోవడం ఎవరి చేతగానితనం?

పరిశ్రమల వైపు నుంచి వచ్చే వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. లక్షల కుటుంబాలు ఈ వాడల మీద బతుకుతున్నాయి. ఇక్కడ తయారయ్యే చవక మందులు మన పేదలకే కాదు, ఆఫ్రికా పేదలకూ ప్రాణాధారం. కఠిన నిబంధనలు పెడితే పరిశ్రమ వేరే రాష్ట్రానికో చైనాకో వెళ్లిపోతుందన్న భయం ఉత్తిది కాదు. కానీ ఇది సరిగ్గా సంపన్న దేశాలు మనకు వినిపించే వాదనే. తమ కార్మికుల ఉద్యోగాలు పోతాయని, తమ పరిశ్రమ పోటీలో వెనుకబడుతుందని చెప్పి అవి దశాబ్దాల పాటు ఉద్గారాల కోతను వాయిదా వేశాయి. అక్కడ ఆ వాదనను మనం ఒప్పుకోలేదు. ఇక్కడ ఎందుకు ఒప్పుకోవాలి? మందు చవకగా దొరకడం వెనక కిష్టారెడ్డిపేట నీళ్లు, పాశమైలారం కార్మికుల ఊపిరితిత్తులు ఖర్చవుతున్నాయి. ఆ ఖర్చు బిల్లులో కనబడదు కాబట్టే ధర చవక. ఇంకా పేద దేశమే కాబట్టి కొంత ఓర్చుకోవాలన్న మాట కూడా చెల్లదు. ఓర్చుకోమని చెబుతున్నది ఎప్పుడూ పేదవాళ్లకే. పేద దేశానికి ప్రపంచంలో దక్కాల్సిన మినహాయింపు, ఆ దేశంలోని పేదవాడికి దక్కాలి. అతన్ని దాటి కంపెనీకి దక్కకూడదు.

చేయాల్సింది తెలియక కాదు. జాతీయ ప్రణాళికకు కింది నుంచి ప్రాణం పోయాలి. తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన ప్రతి చోటికీ నిధులు, గడువు, బాధ్యుడైన అధికారి పేరుతో విడిగా వాతావరణ ప్రణాళిక ఉండాలి. పటాన్‌చెరు–బొల్లారంతో అది మొదలు కావాలి. ఏటా మే నెలాఖరుకల్లా ప్రతి రసాయన యూనిట్‌లో నిల్వ ఉన్న వ్యర్థ జలాల పరిమాణం, ట్యాంకుల సామర్థ్యం స్వతంత్ర నిపుణులతో తనిఖీ చేయించి, ఆ వివరాలు తెలుగులో గ్రామ పంచాయతీ, మున్సిపల్ ఆఫీసుల గోడల మీద అంటించాలి. వాగుల్లో, చెరువుల్లో నీటి నాణ్యత కొలతలు ఏ రోజుకారోజు ప్రజలకు కనబడాలి. షెడ్డు లోపలి వేడికి పరిమితి, విరామం, చల్లని తాగునీరు, కాంట్రాక్ట్ కార్మికుల పేర్లతో రోజువారీ హాజరు చట్టబద్ధం కావాలి. హాజరు పుస్తకం గేటు బయట భద్రపరచాలి. ఔషధ పరిశ్రమను ఇంధన, కార్బన్ లక్ష్యాల పరిధిలోకి తేవాలి. చిన్న యూనిట్లు మారడానికి చౌక రుణాలు, ఉమ్మడి వసతులు ఇవ్వాలి. బల్క్ డ్రగ్ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు మళ్లీ ఏ రూపంలోనూ రాకూడదు. పాత పరిశ్రమల వల్ల చెడిన చెరువులు, భూగర్భ జలాల పునరుద్ధరణ ఖర్చును ఆ పరిశ్రమల నుంచే వసూలు చేసి, ఆ లెక్క గ్రామసభ ముందు పెట్టాలి. అది పూర్తయ్యే దాకా ఈ జిల్లాలో కొత్త ఫార్మా వాడకు ఒక్క ఎకరం కూడా సేకరించకూడదు.

వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని 2024 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. జీవించే హక్కును, సమానత్వ హక్కును కలిపి చదివి ఆ మాట చెప్పింది. ఎడారిలో బట్టమేక పిట్టకూ కరెంటు తీగలకూ నడిచిన కేసులో వచ్చిన ఆ తీర్పు పటాన్‌చెరు పౌరుడికీ వర్తిస్తుంది. హక్కు అన్నాక అది దయతో దక్కేది కాదు. కేంద్ర ప్రభుత్వం తన తదుపరి వాతావరణ లక్ష్యాలతో పాటు ఈ ప్రాంతాల రక్షణ ప్రణాళికను పార్లమెంటు ముందు పెట్టాలి. తెలంగాణ ప్రభుత్వం తన రాష్ట్ర ప్రణాళికను సంగారెడ్డి జిల్లా ప్రజల మధ్య, వాళ్ల భాషలో చర్చకు పెట్టి తిరగరాయాలి. రెండూ వచ్చే వానాకాలానికి ముందే మొదలు కావాలి. ఖాజీపల్లి రైతుకు, పాశమైలారం కార్మికుడికి రావాల్సిన బాకీ తీర్చిన దేశమే ప్రపంచం ముందు తన బాకీని తలెత్తుకుని అడగగలదు.